పూర్వుల బాటలో

ప్రక్రియ : యాత్రారచన

పాఠ్యభాగ నేపథ్యం

రచయిత తాను చూచిన ప్రదేశాలను, అక్కడి ప్రజల జీవన విధానాన్ని, తన మనసులో కలిగిన భావాలను జోడించి చెప్పే ప్రక్రియ యాత్రారచన. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో చెన్నపట్టణం నుండి కాశికి వెళ్ళి వచ్చి రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగులో ఈ ప్రక్రియకు బాటవేసిన ప్రసిద్ధ గ్రంథం. అది 1838లో అచ్చయింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూమెక్సికోలో ప్యూబ్లో ప్రజల పూర్వులు నిర్మించుకొన్న నివాసాలను, చెక్కిన శిలాచిత్రాలను కాలినడకన దర్శించిన ఒక తెలుగు అధ్యాపకుని అనుభవమే ప్రస్తుత పాఠ్యభాగం. ప్రాచీన సంపదను ఏ దృష్టితో చూడాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తాళపత్ర గ్రంథాలను చదవడంలోనే నా జీవితంలో అధిక భాగం గడిచింది. చెదలు తిన్న ఆకులు, విరిగిన అంచులు, చెరిగిన అక్షరాలు నాకు కొత్తవి కావు. అయితే ఒక జాతి తన చరిత్రను కొండరాతిపై, ఇంటి గోడపై, నడిచిన దారిపై మిగిల్చి వెళ్తే దానిని ఎలా చదవాలో నాకు తెలియదు. 2023వ సంవత్సరం అక్టోబరు మాసంలో, న్యూమెక్సికోలోని అల్బకర్కీ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వద్దకు వెళ్ళినప్పుడు ఆ చదువుకు ఓనమాలు దిద్దే అవకాశం లభించింది.

స్పానిష్ భాషలో ‘ప్యూబ్లో’ అంటే గ్రామం. 16వ శతాబ్దంలో ఆ ప్రాంతానికి వచ్చిన స్పెయిన్ దేశీయులు, రాతితోను మట్టితోను అంతస్తులుగా కట్టిన ఊళ్ళను చూచి, అక్కడి ప్రజలకు ఆ పేరు పెట్టారు. ఆ ప్రజలు నేటికీ ఉన్నారు. న్యూమెక్సికోలో ఇప్పుడు 19 ప్యూబ్లో గ్రామాలు ఉన్నాయి. పొరుగున ఉన్న అరిజోనా రాష్ట్రంలోని హోపీలు కూడ వీరి బంధువర్గమే. తమ మతాచారాలను అణచివేసిన స్పెయిన్ పాలకులపై 1680లో ఈ గ్రామాలలో చాలావరకు ఏకమై తిరుగుబాటు చేసి, 12 సంవత్సరాలపాటు వారిని తమ నేలకు దూరంగా ఉంచాయి.

ఈ ప్రజల పూర్వులను చాలాకాలం పుస్తకాలలో ‘అనసాజీ’లని వ్రాశారు. అది ఇరుగుపొరుగున ఉండే నవాహో జాతివారి మాట. ‘శత్రువుల పూర్వులు’ అనే అర్థం కూడ దానికి చెబుతారు. తమ తాతముత్తాతలను ఇతరులు పెట్టిన అటువంటి పేరుతో పిలవడం ప్యూబ్లో ప్రజలకు సమ్మతం కాదు. అందుచేత ఇప్పుడు ‘ప్యూబ్లో పూర్వులు’ అనే మాట వాడుకలోకి వచ్చింది. ఈ సంగతి విన్నప్పుడు మన తెలుగునాట ఉన్న ‘రాక్షసగుళ్ళు’ నాకు జ్ఞాపకం వచ్చాయి. పెద్దపెద్ద బండలు పేర్చి బృహత్ శిలాయుగపు మానవులు కట్టుకొన్న సమాధులు అవి. మన నేలపై మనకంటె ముందు బ్రతికిన మనుషులను మరచిపోయి, వారి సమాధులను రాక్షసులకు అంటగట్టాము. పేరు మరచిన చోట బంధుత్వం కూడ మరపున పడుతుంది.

మొదటి రోజు అల్బకర్కీ నగరానికి పడమటి అంచున ఉన్న శిలాచిత్రాల జాతీయ స్మారక ప్రదేశానికి వెళ్ళాము. అగ్నిపర్వతాల నుండి పొంగిన లావా చల్లారి ఏర్పడిన నల్లరాతి చరియ అక్కడ సుమారు 27 కిలోమీటర్ల పొడవున సాగి ఉంది. దాని బండలపై 20,000కు పైగా చిత్రాలు ఉన్నాయని అంచనా. వాటిలో అధిక భాగం క్రీ.శ. 1300 నుండి 1680 వరకు గల కాలంలో ప్యూబ్లో పూర్వులు చెక్కినవి. 1990లో ఈ ప్రదేశం జాతీయ స్మారకంగా ప్రకటింపబడింది.

బండల మధ్య ఇసుక దారిలో నడుస్తూ ఉంటే మొదట ఏమీ కనిపించలేదు. ఎండ కొంచెం వాలి, నీడలు పడగానే ఒక్కొక్క చిత్రమే కళ్ళకు ఆనింది. సుడులు తిరిగిన వలయాలు, అరచేతులు, నక్షత్రాలు, పక్షులు, ముఖాలు! ఎండకు, గాలికి, దుమ్ముకు వేలయేండ్లుగా బండలపై నల్లని పొర ఏర్పడుతుంది. గట్టి రాయితో ఆ పొరను పొడిచి లేపితే అడుగున ఉన్న లేతరంగు బయటపడుతుంది. రంగు పూయడం గాని, సిరా అద్దడం గాని లేదు. తాటాకుపై గంటంతో గీసినట్లుగా, ఉన్నదానిని తొలగించడమే ఇక్కడ రచన. అందుకే మరొకరు చేయి వేసి రుద్దినా, సుద్దతో గీతలు దిద్దినా ఆ రచన చెడిపోతుంది. చేతి చెమటలోని జిడ్డు కూడ రాతికి హాని చేస్తుంది.

ఒక బండపై పంచవన్నెల రామచిలుక కనిపించింది. ఆ పక్షి ఆ ఎడారి సీమది కాదు. దాని నివాసం దక్షిణాన ఎంతో దూరంలో, మెక్సికోలోని ఉష్ణారణ్యాలలో ఉంది. ఇదే రాష్ట్రంలోని చాకో లోయలో, ప్యూబ్లో బొనీటో అనే మహాభవనంలో ఈ చిలుకల ఎముకలు దొరికాయి. గుర్రం గాని, బండి గాని ఎరుగని కాలంలో, మనుషుల కాలినడకపైనే ఆ పక్షులు అంతదూరం ప్రయాణించాయన్నమాట.

“దీని అర్థమేమిటి?” అని ప్రతి బొమ్మ ముందు నిలబడి మా అమ్మాయిని అడిగాను. పద్యం కనిపిస్తే ప్రతిపదార్థం చెప్పడం, తాత్పర్యం వ్రాయడం మావంటి అధ్యాపకులకు అలవాటు. ఈ చిత్రాలలో కొన్నింటి అర్థం ప్యూబ్లో పెద్దలకు తెలుసు. అయితే అందులో కొంత వారి పూజా విధానాలకు సంబంధించినది కనుక బయటివారికి చెప్పరు. ఆ మాట విన్నప్పుడు మొదట నాకు నిరాశ కలిగింది. తరువాత ఆలోచిస్తే సబబే అనిపించింది. మన ఇళ్ళలోను దేవుని గదిలో ఉన్నవన్నీ అతిథికి చూపించము కదా! వ్యాఖ్యానం వ్రాసే హక్కు అందరికీ ఉండదని ఏబదియేండ్లు దాటిన తరువాత ఆ నల్లరాళ్ళ మధ్య తెలుసుకొన్నాను.

మరునాడు ఉత్తర దిశగా రెండు గంటలు కారులో ప్రయాణించి బాండెలియర్ జాతీయ స్మారక ప్రదేశానికి చేరుకొన్నాము. స్విట్జర్లాండులో జన్మించిన అడాల్ఫ్ బాండెలియర్ అనే పండితుని పేరు దానికి పెట్టారు. 1880లో కొచిటీ గ్రామస్థులు ఆయనను ఫ్రిహోలెస్ లోయకు తీసుకొనివెళ్ళి, తమ పూర్వుల ఇళ్ళను చూపించారు. కనుక ఆయన ‘కనుగొన్నాడు’ అనడం కంటె ఆయనకు ‘చూపించారు’ అనడమే న్యాయం. 1916లో ఈ ప్రదేశానికి ప్రభుత్వ రక్షణ లభించింది.

ఫ్రిహోలెస్ అంటే చిక్కుడు గింజలు. లోయ అడుగున ఏడాది పొడవునా పారే సన్నని ఏరు, దాని పక్కన ఎత్తయిన దేవదారు జాతి వృక్షాలు, ఒకవైపు తేనెపట్టువలె చిల్లులు పడిన లేతరంగు కొండగోడ. పది లక్షల సంవత్సరాలకు పూర్వం అగ్నిపర్వతాలు బద్దలై వెదజల్లిన బూడిద గట్టిపడి ఆ రాయి అయింది. దానిని ‘టఫ్’ అంటారు. అది మెత్తని రాయి. ప్యూబ్లో పూర్వులు సహజంగా ఏర్పడిన చిల్లులను రాతి పనిముట్లతో తొలిచి గదులుగా మలచుకొన్నారు. లోపల గోడల అడుగుభాగానికి మట్టి పూశారు. పైకప్పులకు పొగ పట్టించారు. మసి పట్టిన కప్పు నుండి రాయి పొడిపొడిగా రాలదని వారికి తెలుసు. ఇదెంత సులభమైన ఉపాయం! ఒక గదిలో తలవంచి నిలబడి పైకి చూస్తే, మా అమ్మమ్మగారి ఊరిలో కట్టెలపొయ్యి వెలిగించే వంటింటి వాసాలు మనసులో మెదిలాయి.

లోయ నడుమ ట్యువోన్యీ అనే గ్రామం పునాదులు వలయాకారంగా కనిపిస్తాయి. సుమారు 400 గదులు ఒక వాకిలి చుట్టూ అమరి ఉండేవి. పక్కనే నేలలోకి తవ్విన గుండ్రని ‘కివా’ ఉంది. అది పూజలకు, సమావేశాలకు, పిల్లలకు పెద్దలు సంప్రదాయాన్ని బోధించడానికి నెలవు. వీరు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు.

మరికొంత దూరం నడిస్తే ‘లాంగ్ హౌస్’ అనే దీర్ఘగృహం వస్తుంది. కొండగోడను ఆనుకొని సుమారు 240 మీటర్ల పొడవున, రెండు మూడు అంతస్తులుగా ఇళ్ళు ఉండేవి. ఇప్పుడు గోడలు కూలిపోయాయి. దూలాలు గుచ్చిన గుంతలు మాత్రం కొండపై వరుసలు తీరి మిగిలాయి. వాటిని లెక్కపెడితే అంతస్తులు తెలుస్తాయి. ఆ గుంతల వరుసకు పైన, మనిషికి అందని ఎత్తులో శిలాచిత్రాలు ఉన్నాయి. అంత ఎత్తున ఎలా చెక్కారని ఆశ్చర్యపడ్డాను. ఇంటి కప్పుపై నిలబడి చెక్కారు! ఇల్లు పోయింది, ఇంటి మీద నిలబడినవాని చేతిపని నిలిచింది.

ఆ లోయలో అన్నిటికంటె ఎత్తున ఉన్న కొండగూటిని చేరాలంటే 43 మీటర్లు పైకి వెళ్ళాలి. నాలుగు నిచ్చెనలు, నడుమ రాతిమెట్లు. రెండవ నిచ్చెన వద్ద నా మోకాళ్ళు మొరాయించాయి. “క్రిందికి చూడకండి, నాన్నగారూ!” అని మా అమ్మాయి పైనుండి హెచ్చరిస్తూ ఉంటే, మెట్టుమెట్టుకు ఊపిరి బిగబట్టి ఎక్కాను. ఒకప్పుడు ఇక్కడ పాతికమంది వరకు నివసించేవారట. నీళ్ళెక్కడ? అంత క్రింద, ఏటిలో. ప్రతి కడవ నీటినీ, ప్రతి బుట్ట ధాన్యాన్నీ ఎవరో ఒకరు పైకి మోసుకొని రావలసిందే. చూడవచ్చినవాడికి సాహసమైనది, అక్కడి ఇల్లాలికి నిత్యకృత్యం.

క్రీ.శ. 1550 నాటికి ఈ లోయవాసులు క్రమంగా రియో గ్రాండే నది ఒడ్డుకు తరలివెళ్ళారు. అనావృష్టి, అనేక తరాల సేద్యంతో నిస్సారమైన భూమి అందుకు కారణాలని పండితులు చెబుతారు. ‘మాయమైన జాతి’ అనే మాట తరచు వినబడుతుంది గాని, వారు మాయం కాలేదు, ఊరు మారారు. ఈ లోయకు దక్షిణాన కేరెస్ భాష, ఉత్తరాన తేవా భాష మాట్లాడేవారు. నేడు కొచిటీలో కేరెస్, శాన్ ఇల్దెఫొన్సోలో తేవా వినబడుతున్నాయి. 2011లో రేగిన లాస్ కాంచస్ కార్చిచ్చు ఈ స్మారక ప్రదేశంలో సగానికి మించిన భాగాన్ని కాల్చివేసింది. మొక్కలు లేని నేలపై పడిన వాన ఆ ఏడే లోయలోకి వరదలు తెచ్చింది. మనుషులు విడిచిన తరువాత కూడ ఊరికి గండాలు తప్పవు.

సాయంకాలానికి సాంకవి చేరాము. ఇది బాండెలియర్‌లో భాగమే అయినా విడిగా ఉంది. 15, 16 శతాబ్దాలలో తేవా భాషీయుల పూర్వులు కొండపైన ఇక్కడ ఊరు కట్టుకొన్నారు. సుమారు రెండున్నర కిలోమీటర్ల దారిలో నిచ్చెనలెక్కి, రాళ్ళమధ్య ఇరుకు సందులలో ఒదిగి నడవాలి. ఇక్కడ నన్ను ఆపివేసినది ఏ భవనమూ కాదు, దారి. మెత్తని టఫ్ రాతిలో ఆ దారి కాలువవలె లోతుగా దిగి ఉంది. కొన్ని చోట్ల మోకాలి లోతు, మరికొన్ని చోట్ల అంతకు మించి. దానిని ఉలితో చెక్కలేదు. తరతరాలుగా పొలానికీ ఏటికీ దిగి, తిరిగి ఇంటికి ఎక్కిన పాదాలు దానిని అరగదీశాయి. మన ఊళ్ళలో చేదబావి ఒరపై తాడు ఒరిసి పడిన గాళ్ళను చూచిన వారికి ఈ దారి సులువుగా అర్థమవుతుంది. బావిని తవ్వించినవాని పేరు శాసనంలో ఉండవచ్చు. నీళ్ళు తోడిన ఆడవారి పేర్లు ఎక్కడా ఉండవు; ఆ గాళ్ళే వారి శాసనం.

ఆ బాటలో ఒక పాదం ముందు మరొక పాదం పెట్టి మాత్రమే నడవగలము. ఆ గాడి నా నడకను తన కొలతకు సరిచేసింది. ఎన్నడో నడిచినవారి అడుగు ఎక్కడ పడిందో నా అడుగూ అక్కడే పడుతూ ఉంటే ఒళ్ళు గగుర్పొడిచింది. వెంటనే మరొక ఆలోచన వచ్చింది. నా బూట్లు కూడ ఆ రాతిని అరగదీస్తూనే ఉన్నాయి! వేలాది యాత్రికుల పాదాలు ఈ బాటను ఇంకా లోతు చేస్తున్నాయి. చూడాలంటే నడవాలి, నడిస్తే అరుగుతుంది. కనుక దారి విడిచి కొత్త జాడలు వేయకుండ, ఉన్న బాటలోనే జాగ్రత్తగా నడవడం యాత్రికుని కనీస ధర్మం.

ఆ ధర్మం తెలిసిన కాసేపటికే నేను తప్పు చేశాను. కొండపైన, పెద్దగా తవ్వకాలు జరగని గ్రామం మట్టిదిబ్బగా ఉంది. దారి పక్కన బొటనవ్రేలి గోరంత కుండపెంకు ఒకటి మెరిసింది. తెల్లని పూతపై రెండు నల్లని గీతలు. వంగి తీశాను. మా విద్యార్థులకు చూపిస్తే ఎంత సంతోషిస్తారో అనుకొంటూ చేతిని జేబు వద్దకు తీసుకొనిపోయాను.

“నాన్నగారూ, ఉన్నచోటనే పెట్టేయండి. ఎవరైనా మీ తాళపత్రాల కట్టలోంచి ఒక ఆకు లాక్కుపోతే ఊరుకుంటారా?” అంది మా అమ్మాయి.

నాకు నోట మాట రాలేదు. వ్రాతప్రతిలో ఆకు పోయిన చోట ‘గ్రంథపాతం’ అని వ్రాసి, ఆ లోటుకు ఎన్నిసార్లు బాధపడ్డానో నాకు తెలుసు. ఆ ఆకును తీసుకొనిపోయినవాడు కూడ బహుశా విద్యపై ప్రీతితోనే తీసి ఉంటాడు. పెంకు ఏ గది పక్కన, ఏ పెంకులతో కలిసి పడి ఉన్నదో ఆ చోటే దాని అర్థంలో సగం. నా బల్లపై అది అందమైన రంగు పెంకు మాత్రమే అవుతుంది. పెంకును తిరిగి పెట్టాను. సరిగ్గా అది ఉన్న చోటనే పెట్టానా? ఇప్పటికీ నాకు సందేహమే.

సదుద్దేశం ఒక్కటే చాలదనడానికి చరిత్రలో సాక్ష్యం ఉంది. స్వీడన్ దేశపు యువ పరిశోధకుడు గుస్తాఫ్ నార్డెన్‌షోల్డ్ 1891లో కొలరాడో రాష్ట్రంలోని మెసా వర్దే కొండగూళ్ళలో తవ్వకాలు జరిపి, 1893లో ఆ ప్రాంతంపై మొదటి శాస్త్రీయ గ్రంథం ప్రకటించాడు. అది విద్యాలోకానికి మహోపకారం. కాని ఆయన తనతో పాటు వందలాది వస్తువులను, సమాధులలోని మనుషుల అవశేషాలను కూడ ఐరోపాకు తరలించాడు. అడ్డుకొనే చట్టం అప్పటికి లేదు. ఆ సేకరణ చివరకు ఫిన్లాండ్ జాతీయ మ్యూజియానికి చేరింది. వారసులైన జాతుల అభ్యర్థనపై 20 మంది అవశేషాలు 2020లో తిరిగివచ్చి, మళ్ళీ తమ నేలలోనే ఖననమయ్యాయి. ఇంటికి చేరడానికి వారికి నూట ఇరవై తొమ్మిది సంవత్సరాలు పట్టింది. ఇటువంటి నష్టాలను నివారించడానికే అమెరికాలో 1906లో ప్రాచీన సంపద చట్టం, 1979లో పురావస్తు సంరక్షణ చట్టం వచ్చాయి.

పెంకును కదపకుండ దాని విద్యను తీసుకొనే మార్గం లేకపోలేదు. సాంకవికి సమీపాన ఉన్న శాన్ ఇల్దెఫొన్సో గ్రామంలో మరియా మార్టినెజ్ అనే కుమ్మరి కళాకారిణి 1887 నుండి 1980 వరకు జీవించింది. ఎడ్గర్ హ్యూయెట్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలలో దొరికిన పెంకులను ఆమెకు చూపించి, అటువంటి పాత్రలు చేయగలవా అని అడిగాడు. ఆమె, భర్త జూలియన్‌తో కలిసి ఎన్నో ప్రయోగాలు చేసి, నల్లని నిగనిగలపై మసక నలుపు చిత్రాలు తేలే పాత్రలను రూపొందించింది. అవి లోకప్రసిద్ధి పొందాయి. ఆ విద్యను ఆమె తన వారికి నేర్పింది. నేటికీ ఆ గ్రామంలో ఆ పాత్రలు తయారవుతున్నాయి. పూర్వుల పెంకు ఆమె చేతిలో మళ్ళీ కుండ అయింది.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. మా విద్యార్థులకు చూపడానికి పెంకు లేదు. అయితే చెప్పడానికి ఒక మాట ఉంది. మన ఊరి చివర కూలిన మండపమైనా, పొలం గట్టున ఉన్న రాక్షసగుడి అయినా, పరదేశపు కొండబాట అయినా, అక్కడికి వెళ్ళేటప్పుడు పరుల ఇంటి గడప దాటుతున్నామని గుర్తుంచుకోవాలి. ఇంటివారు లేరని ఇల్లు మనదైపోదు. ఆ మాటకువస్తే, ఇంటివారు లేరని ఎవరన్నారు?

కఠిన పదాలకు అర్థాలు

పూర్వులు = వంశంలో ముందు తరాలవారు
చరియ = కొండ యొక్క ఏటవాలు భాగం
గంటం = తాటాకుపై వ్రాసే ఇనుప సాధనం
నెలవు = స్థానం, తావు
అనావృష్టి = వానలు లేకపోవడం
నిస్సారం = సారం లేనిది
ఒర = బావి గట్టు
గాడి = ఒరిపిడివల్ల ఏర్పడిన పల్లపు చార
గగుర్పొడుచు = పులకరించు
గ్రంథపాతం = వ్రాతప్రతిలో కొంత భాగం లోపించడం
అవశేషం = మిగిలిన భాగం
ఖననం = భూమిలో పాతిపెట్టడం

అభ్యాసం

I. వ్యాసరూప ప్రశ్నలు

1. సాంకవి బాటను రచయిత ఎలా వర్ణించాడు? ఆ బాట అతనిలో కలిగించిన ఆలోచనలను వివరించండి.
2. ప్రాచీన అవశేషాల పట్ల యాత్రికునికి, పరిశోధకునికి ఉండవలసిన బాధ్యతను పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహరూప ప్రశ్నలు

1. ప్యూబ్లో పూర్వులు కొండగదులను ఎలా మలచుకొన్నారు?
2. పంచవన్నెల రామచిలుక చిత్రం వల్ల తెలిసే విశేషమేమిటి?
3. ‘అనసాజీ’ అనే పేరును, ‘రాక్షసగుళ్ళు’ అనే పేరును రచయిత ఎందుకు పోల్చాడు?
4. మరియా మార్టినెజ్ కృషిని తెలపండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు

1. పేరు మరచిన చోట బంధుత్వం కూడ మరపున పడుతుంది.
2. ఆ గాళ్ళే వారి శాసనం.
3. పూర్వుల పెంకు ఆమె చేతిలో మళ్ళీ కుండ అయింది.

IV. సంధులు

మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
ఉష్ణారణ్యం = ఉష్ణ + అరణ్యం – సవర్ణదీర్ఘ సంధి
ఇదెంత = ఇది + ఎంత – ఇత్వసంధి
నీళ్ళెక్కడ = నీళ్ళు + ఎక్కడ – ఉత్వసంధి

V. సమాసాలు

తాతముత్తాతలు = తాతలును, ముత్తాతలును – ద్వంద్వ సమాసం
నాలుగు నిచ్చెనలు = నాలుగు సంఖ్యగల నిచ్చెనలు – ద్విగు సమాసం
దీర్ఘగృహం = దీర్ఘమైన గృహం – విశేషణ పూర్వపద కర్మధారయం
కొండబాట = కొండ యొక్క బాట – షష్ఠీ తత్పురుష

VI. భాషా కార్యం

మీ ఊరిలో గాని, సమీపంలో గాని ఉన్న ఒక పాత కట్టడానికి కాలినడకన వెళ్ళి, అక్కడి నుండి ఏమీ తీసుకొనిరాకుండ, చూచిన విషయాలను, పెద్దల వద్ద విన్న విషయాలను రెండు పుటలలో వ్రాయండి.